క్రియాపదం కోసం పోరాడిన మేష్టారు: గిడుగు రామమూర్తి గారు

యూనియన్ మిత్రులు ఈ ఏటి సావనీరుకు ఒక జీవితచరిత్ర రాసియ్యమన్నారు. సైన్సు విద్యార్థిని కనుక ఏ రామన్ గారి గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేను ఒక హిస్టరీ మేష్టారి గురించి రాస్తున్నాను. దానికి కారణం ముందే చెప్పుకోవడం మంచిది.

మాది తూంకుంట. కరీంనగర్ రోడ్డు మీద, శామీర్‌పేట చెరువుకు ఇవతల. వ్యవసాయ కుటుంబం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి ఇంగ్లీషు మీడియంలో పడ్డాను. మొదటి సంవత్సరం ఒకరోజు క్లాసులో నన్ను లేపి ప్రశ్న వేశారు. విషయం నాకు తెలుసు. ఇంగ్లీషులోనే చెప్పాను గాని ఎలక్ట్రాన్ గోస్ అనవలసిన చోట ఎలక్ట్రాన్ గో అన్నాను. క్లాసు నవ్వింది. పోనీ తెలుగులోనే చెప్పు అన్నారు. ఎలక్ట్రాన్ ఇటు పోతది అన్నాను. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు. ఇంగ్లీషులో తప్పితే అది పరాయి భాష అనుకోవచ్చు. సొంత భాషలో కూడా నా క్రియ తప్పేనా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ పట్టుదలతోనే లైబ్రరీలో కూర్చొని ఇంగ్లీషు వ్యాకరణం మొదలుపెట్టాను. సకర్మక క్రియ, అకర్మక క్రియ, సహాయక క్రియ అంటూ ఒక్కొక్కటే తెలిసింది. ఇంగ్లీషు వాక్యంలో కర్త పక్కనే క్రియ వచ్చి కూర్చుంటుంది. మన వాక్యంలో క్రియ చివరిదాకా ఆగుతుంది. మనవాడు మాట పూర్తి చేసేదాకా పని అయిందో కాలేదో తెలియదు! ఈ వెతుకులాటలోనే రామమూర్తి గారు నాకు దొరికారు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. పన్నెండేళ్ళ వయసులో తండ్రి పోయారు. మేనమామ ఇంట ఉండి విజయనగరం మహారాజా వారి స్కూల్లో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు ఆయనకు సహాధ్యాయి. ఒకే బెంచీల నుంచి ఇద్దరు అంతటివాళ్ళు రావడం ఆ స్కూలు అదృష్టం. 1879లో మెట్రిక్యులేషన్ పాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో నెలకు ముప్పై రూపాయల జీతం మీద మేష్టారయ్యారు. పై చదువులు ప్రైవేటుగా చదివి బి.ఏ. పాసయ్యారు. దగ్గరలోని ముఖలింగం గుళ్ళో శాసనాలు చదవాలని పాత లిపులు కూడా సొంతంగా నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాష సవర. ఇది ముండా కుటుంబానికి చెందినది, తెలుగుతో చుట్టరికం లేదు. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష మనకు రావాలి అని మేష్టారు గ్రహించారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకొని నేర్చుకున్నారు. సవర భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, పంతుళ్ళకు జీతాలు కూడా తానే ఇచ్చుకున్నారు. ముప్పై రూపాయలతో మొదలైన బడిపంతులు ఈ పని చేశారని మరిచిపోవద్దు. కొండల్లో చలిజ్వరం పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బ తీసింది. నోటి మాటకు చెవి ఒగ్గి రాసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. దాదాపు ముప్పై అయిదేళ్ళ శ్రమ తర్వాత 1931లో ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది. ఆ తరువాత సవర-ఇంగ్లీషు నిఘంటువు కూడా వెలువడింది.

సవర క్రియ గురించి ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. మనం కత్తి, పొట్ట, పొడవడం అని వేరువేరు మాటలు పేర్చి వాక్యం చేస్తాం. సవరలో కత్తినీ పొట్టనూ క్రియలోనే ఇమిడ్చి, ఎవరిని అన్నది చివర తగిలించి, నిన్ను పొట్టలో కత్తితో పొడుస్తాడు అనే వాక్యాన్నంతా ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కెమిస్ట్రీలో పరమాణువులు కలిసి ఒకే మాలిక్యూల్ అయినట్టు. చదువు లేనివారని మనం తీసిపారేసేవారి నోట్లో ఇంత నిర్మాణం ఉంది! లిపి లేదని ఆ భాషకు వ్యాకరణం లేకుండా పోలేదు.

అసలు గొడవ 1907 ప్రాంతంలో మొదలైంది. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, బళ్ళో వల్లెవేసే తెలుగు ఇంకొకటి. ఇదేమిటని ఆయన విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు గారిని అడిగితే, గురజాడ, గిడుగు వారలు దీనికి జవాబు చెప్పగలరని ఆయన అన్నారట. అక్కడి నుంచి రామమూర్తి గారి మిగతా జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నకే పోయింది.

ఆ పోట్లాటలో ఎక్కువ భాగం నాకు క్రియాపదం గురించే అనిపిస్తుంది. చేయుచున్నాడు అని రాయాలా, చేస్తున్నాడు అని రాయాలా? వచ్చెను అనాలా, వచ్చాడు అనాలా? పండితులకు మొదటిదే భాష, రెండవది గ్రామ్యం. కాని ఇంగ్లీషువాడు ఏం చేశాడో చూడండి. ఒకప్పుడు గోయెత్, డోయెత్ అని రాసినవాడు ఆ రూపాలను పాత పుస్తకాలకు వదిలేసి గోస్, డజ్ అని నోట వచ్చినట్టే రాసుకున్నాడు. దానివల్ల వాళ్ళ సాహిత్యానికి నష్టమేమీ రాలేదు. ఇప్పుడు ఆ గోస్ దగ్గరే మాలాంటివాళ్ళు తప్పుతున్నారన్నది వేరే సంగతి.

1912-13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని పాత భాషలో గాని కొత్త భాషలో గాని రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. పండితులు లేచారు. జయంతి రామయ్య పంతులు గారు ముందుండి నడిపారు. రెండేళ్ళు తిరక్కుండానే ప్రభుత్వం వెనక్కు తగ్గింది. పరీక్ష రాసే పిల్లవాడికి మళ్ళీ చేయుచున్నాడే గతి అయింది. 1915లో గురజాడ వారు పోయారు. రామమూర్తి గారు దాదాపు ఒంటరిగా మిగిలారు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు, అది ఎక్కువ కాలం నడవలేదు. ఊరూరా తిరిగి సభల్లో వాదించారు. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో, అంటే ఎదుటి పక్షం ఇంట్లోనే, నాలుగు గంటలు మాట్లాడారు. ఆయన పద్ధతి నాకు సైన్సు పద్ధతిలాగే కనబడుతుంది. పండితులు ఏ రూపం తప్పన్నారో ఆ రూపాన్ని పాత గ్రంథాల్లోంచే తీసి చూపించేవారు. పైగా గ్రాంథికం రాయాలన్నవారి రాతల్లోనే గ్రాంథికం ఎన్ని చోట్ల తప్పిందో లెక్కగట్టి పుస్తకమే వేశారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. డెబ్బై రెండేళ్ళ వయసులో, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు విడిచి ఆయన రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. అంతకు వారం ముందు కూడా మద్రాసులో పత్రికలవారితో వాడుక భాష గురించే మాట్లాడారు.

ఇక నా పేచీ ఒకటుంది. ఆయన దయవల్ల చేస్తున్నాడు పుస్తకాల్లోకి ఎక్కింది. కాని మా ఇంట్లో చేస్తుండు అంటాం, వచ్చిండు అంటాం. శిష్టుల వాడుక అని ఆయన దేన్ని అన్నారో ఆ గీత గోదావరి, కృష్ణా జిల్లాల చుట్టూ పడింది. మేము గీత బయట ఉండిపోయాం. ఈ మాట అడగడానికి కాళోజీ గారు రావలసి వచ్చింది. ఆగస్టు 29 తెలుగు భాషా దినం అయితే, 2014 నుంచి కాళోజీ గారి పుట్టినరోజు సెప్టెంబరు 9 మన దగ్గర తెలంగాణ భాషా దినం. ఈ వ్యాసం కూడా నేను ఉన్నాడు, వచ్చారు అనే రాశాను, పోతది అని రాయలేదు. చెయ్యి రాలేదు. క్లాసులో ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

లేబ్ రికార్డులో ద్రావణం వేడి చేయబడినది అని రాస్తాను. మా పొలంలో నాట్లు వేయబడినవి అని ఎవరూ అనరు, నాట్లేసిండ్రు అంటారు. మొన్న ఆదివారం ఇంటికి పోయినప్పుడు దీని చిత్తుప్రతి నాయినకు చదివి వినిపించాను. సవర బళ్ళ దగ్గర మళ్ళీ చదవమన్నాడు. సొంత పైసలు పెట్టిండా అని రెండుసార్లు అడిగిండు. వాక్యంలో కర్త, కర్మ, క్రియ అర్థం కావాలని, మా నాయిన పొలం దున్నుతున్నాడు అని ఒక ఉదాహరణ రాసుకున్నాను. దాని దగ్గర మాత్రం ఆపి, ఎడ్లు అమ్మి ఎన్నేండ్లయింది, దున్నేది ట్రాక్టరు గదా, అది కొట్టెయ్యి అన్నడు. కొట్టేశాను.