విల్బరు రైటు

శ్రీశైలము బాటలో కందుకూరు మీదుగా పోవువారికి ఆకాశమున విమానము క్రొత్తవస్తువు కాదు. శంషాబాదు విమానాశ్రయము ఆ చుట్టుపట్లనే యున్నది. యువకులకు చిన్న విమానములను నడుపుట నేర్పిన నాదర్‌గుల్ మైదానమును అట్టే దూరము కాదు. ఐనను, నేలను విడుచు ఆ కొద్ది క్షణములు నేటికిని భయస్థానములే. 2004 ఏప్రిల్ 17వ తేదీన బెంగుళూరు చెంతనున్న జక్కూరునుండి కరీంనగరమునకు బయలుదేరిన చిన్న విమానము లేచిన కొంతసేపటికే కూలి, ప్రసిద్ధనటి సౌందర్య మరణించుటను తెలుగువారు మఱవలేదు.

ఇట్టి ఆపదలకు కారణములు పెక్కు. వానిలో మొదటినుండియు నున్నది దిశ తప్పుట. చిన్న విమానము నేలపై పరుగిడునపుడు పంకా తిరుగుట దాని నొక ప్రక్కకు లాగును. అడ్డగాలి వేఱొక ప్రక్కకు నెట్టును. వేగము చాలినంత కలుగువఱకు చుక్కానికి పట్టు చిక్కదు. గాలిలో దిశను చేజిక్కించుకొనుటయే జీవితకార్యముగా నెంచిన మహనీయుడు విల్బరు రైటు.

ఆయన 1867 ఏప్రిల్ 16వ తేదీన అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. బాలుడు చురుకైన విద్యార్థి. కాని మంచుపై బంతియాట యాడుచుండగా కఱ్ఱ మొగమునకు తగిలి పండ్లూడెను, ఆరోగ్యము చెడెను, విశ్వవిద్యాలయమున చేరవలెనన్న తలంపు నిలిచిపోయెను. క్షయవ్యాధితో మంచమునబడిన తల్లికి, 1889లో ఆమె గతించువఱకు, శుశ్రూష చేయుచు ఇంటనున్న గ్రంథములనెల్ల చదివెను. పిమ్మట తమ్ముడు ఆర్విలుతో గూడి డేటను పట్టణమున ముద్రణాలయమును, 1892లో సైకిళ్ల దుకాణమును నడపెను. పట్టభద్రుడు కాడు, ధనికుడు కాడు, ప్రభుత్వమువారి యాదరణ లేదు.

1896లో లిలియంతాలు అను జర్మను పండితుడు ఱెక్కలతో గాలిలో తేలుచు పడి మరణించెను. ఆ వార్త విల్బరును కదలించెను. బలమైన ఇంజను దొరికినచో ఎగురవచ్చునని తక్కినవారు పలువురు తలంచుచుండ, సైకిళ్ల వర్తకుడగు నీతడు వేఱుగ నాలోచించెను. సైకిలు తనంతట నిలువదు. ఎక్కినవాడు క్షణక్షణము సరిదిద్దుకొనుచుండవలెను. విమానమును అట్టిదే. 1899లో పొడవాటి అట్టపెట్టె నొకదానిని చేత మెలిపెట్టుచుండగా, ఱెక్కలను మెలిపెట్టి సమత నిలుపు నుపాయము స్ఫురించెను. 1900 మొదలు సోదరులిరువురు కిట్టీహాకు ఇసుకదిబ్బలపై ఇంజను లేని ఱెక్కలతో సాధన చేసిరి. 1902లో అవి యొక్కొక్కప్పుడు వంగిన ప్రక్కకే గిరగిర తిరిగి ఇసుకలో కూరుకొనుచుండెను. కదలని తోకయే దీనికి కారణమని గ్రహించి, ఆర్విలు సూచనపై దానిని త్రిప్పదగిన చుక్కానిగా మార్చిరి. దిశ చేజిక్కెను. ఇంజను నమర్చినది ఆ పిమ్మటనే.

1903లో వారు చూపిన జాగ్రత్త గమనింపదగినది. పంకాలు రెండును ఎదురెదురుగా తిరుగునట్లు చేసి, ఒకదాని లాగుడు మఱియొకదానితో తీరునట్లు గావించిరి. నేలపై దారి తప్పకుండ 60 అడుగుల కొయ్యపట్టాను పఱచిరి. డిసెంబరు 14న నాణెము నెగురవేయగా మొదటి వంతు విల్బరునకు వచ్చెను. పట్టా విడిచినంతనే ఆయన ముక్కును మితిమీఱి పైకెత్తెను. మూడున్నర సెకండ్లలో విమానము వేగముడిగి ఇసుకలో పడెను. తప్పు తనదేయని ఆయన యొప్పుకొనెను. బాగుచేసి, 17న మరల యత్నించిరి. తమ్ముడు 12 సెకండ్లలో 120 అడుగులును, నాటి కడపటి పర్యాయమున విల్బరు 59 సెకండ్లలో 852 అడుగులును ఎగిరిరి. అంతకు తొమ్మిది దినములకు ముందే, సైనికశాఖవారి 50,000 డాలర్ల సహాయముతో నిర్మింపబడిన లాంగ్లీ పండితుని విమానము రెండవసారి నదిలో బడియుండెను. సోదరుల వ్యయము వేయి డాలర్లకు లోపే. అదియు సైకిళ్లపై వచ్చిన సొమ్ము.

1905 అక్టోబరు 5న విల్బరు 39 నిమిషములు గాలిలో నిలిచి 24 మైళ్లు తిరిగెను. 1908 ఆగస్టు 8న ఫ్రాన్సులోని లెమాను చెంత ఆయన విమానమును వలసినట్లు మలుపులు త్రిప్పగా, సందేహించినవారు తలలు వంచిరి. కాని సెప్టెంబరు 17న అమెరికాలో ఆర్విలు నడుపుచున్న విమానమున పంకా చీలి చుక్కాని తీగను తెంపెను. అది యదుపు తప్పి కూలి, సెల్ఫ్రిడ్జి అను సైనికోద్యోగి మరణించెను. తమ్ముడు తీవ్రముగ గాయపడెను. దూరదేశమున నున్న విల్బరు దుఃఖమును దిగమ్రింగి, నాలుగు దినములకే మరల నెగిరి గంటన్నర నిలిచెను.

కడపటి యేండ్లు స్వామ్యహక్కుల వ్యాజ్యములలో గడచెను. క్రొత్త కల్పనలకు వినియోగపడవలసిన బుద్ధి న్యాయస్థానములలో ఖర్చగుట ఆ జీవితమున కొక కొఱతయే. 1912 మే 30న టైఫాయిడు జ్వరముచే, 45వ యేట, అవివాహితుడుగనే పరమపదించెను.

నేడు విమానమునకు కొయ్యపట్టా లేదు. నేర్చుకొను యువకుని పాదములే దానికి పట్టా. గీత తప్పినపుడు మొండితనమున పైకి లేవదీయుటకంటె వేగము తగ్గించి నిలుపుకొనుట మేలని వివేకులైన గురువులు బోధింతురు. 1947లో స్వాతంత్ర్యము వడసిన మన జాతికిని ఈ బోధ వర్తించును. బలమును సంపాదించుట యొక యెత్తు. దానిని దారిని బెట్టుట యొక యెత్తు. రెండవది ముందు నేర్చినవాడే ఆకాశమును గెలిచెను.