డాక్టర్ కల చెదిరినా.. అమ్మానాన్నలు చెయ్యి వదల్లేదు!

కోరుకున్న సీటొచ్చింది, ఇక లైఫ్ సెట్ అనుకున్నాక అంతా తలకిందులైతే? మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలోకు పద్దెనిమిదేళ్లకే ఆ పరిస్థితి వచ్చింది. ఆమెను నిలబెట్టినవి ఓ అద్దం, ఓ రంగుల పెట్టె. రెండూ ఇంట్లోంచి వచ్చినవే.

ఫ్రీడా 1907 జులై 6న మెక్సికో సిటీ దగ్గరి కొయొకాన్‌లో పుట్టింది. నాన్న గియెర్మో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన ఫొటోగ్రాఫర్. ఆరేళ్లప్పుడు పోలియో సోకి ఫ్రీడా కుడికాలు సన్నబడింది. తోటి పిల్లలు ఏడిపించేవారు. నాన్న మాత్రం ఇంట్లో కూర్చోబెట్టలేదు. ఫుట్‌బాల్, ఈత, కుస్తీ.. అప్పట్లో ఆడపిల్లలు ఆడని ఆటలన్నీ ఆడించాడు. ఫొటోలకు రంగులద్దడం నేర్పాడు. ఆయనకు మూర్ఛ వ్యాధి. బయట ఎక్కడైనా పడిపోతే పక్కనుండి చూసుకున్నది ఈ కూతురే.

ఒక్క క్షణంలో..

1922లో దేశంలోనే పేరున్న నేషనల్ ప్రిపరేటరీ స్కూల్లో సీటొచ్చింది. సుమారు 2000 మంది విద్యార్థుల్లో అమ్మాయిలు 35 మందే. డాక్టర్ కావాలన్నది ఆమె లక్ష్యం. 1925 సెప్టెంబరు 17న ఇంటికెళ్తున్న బస్సును ట్రామ్ ఢీకొట్టింది. ఇనుప కడ్డీ ఒకటి నడుములోంచి దూసుకెళ్లింది. వెన్నెముక, కటి ఎముక, కాలు విరిగాయి. అమ్మ మటిల్డే ఆ షాక్‌తో చాలా రోజులు మాట్లాడలేకపోయిందని, నాన్న దిగులుతో మంచం పట్టాడని ఫ్రీడా తర్వాత చెప్పుకొంది.

కానీ వాళ్లు అక్కడే ఆగిపోలేదు. వెన్ను కదలకుండా కట్టు వేయడంతో ఫ్రీడా లేచి కూర్చోలేదు. పడుకునే బొమ్మలేసేందుకు వీలుగా అమ్మ ప్రత్యేకంగా ఈజెల్ చేయించింది. తన ముఖం తనకు కనిపించేలా మంచం పైకప్పుకు అద్దం పెట్టించారు. నాన్న తన రంగుల పెట్టె, కుంచెలు ఇచ్చాడు. విప్లవం తర్వాత ఆయనకు ప్రభుత్వ పనులు పోయి, ఇంట్లో డబ్బుకు కటకటగా ఉన్న రోజులవి. అయినా కూతురి ముందు పని పెట్టారు తప్ప, జాలి పెట్టలేదు.

బతకగలనా?

డాక్టర్ చదువు అక్కడితో ఆగింది. 1926లో తొలి స్వీయచిత్రం పూర్తయింది. 1928లో తన బొమ్మలు పట్టుకుని ప్రముఖ చిత్రకారుడు డియెగో రివేరా దగ్గరికెళ్లింది. పొగడ్తల కోసం కాదు, వీటితో సంపాదించుకుని బతకగలనా లేదా అని తేల్చుకోవడానికి! కొనసాగించమన్నాడాయన. మరుసటి ఏడాది వాళ్లు పెళ్లి చేసుకున్నారు.

1939లో ఆమె స్వీయచిత్రాన్ని ఫ్రాన్స్ ప్రభుత్వం కొంది. 1943 నుంచి మెక్సికోలో ఆర్ట్ స్కూల్ టీచర్‌గా పనిచేసింది. నొప్పి మాత్రం వదల్లేదు, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. 1953లో స్వదేశంలో తొలి సోలో ప్రదర్శనకు అంబులెన్సులో వచ్చి, మంచం మీద పడుకునే అతిథులను పలకరించింది. 1954 జులై 13న కన్నుమూసింది. అంతకు మూడేళ్ల ముందు, ఎప్పుడో చనిపోయిన నాన్న బొమ్మను ఆయన కెమెరాతో సహా గీసింది.

అనుకున్న కోర్సు, ఉద్యోగం చేజారితే ముందు ఇంట్లో చెప్పండి. వాళ్లకూ ఏం చేయాలో వెంటనే తోచకపోవచ్చు, టైమివ్వండి. చేతిలో ఉన్న రెండో నైపుణ్యానికి పదును పెట్టండి. ఆ తర్వాత, ఆ రంగం తెలిసినవాళ్లకు మీ పని చూపించి ఉన్నదున్నట్టు చెప్పమని అడగండి. ఫ్రీడా చేసిందీ అదే.