అద్భుత కథకుడగు జార్జి మాక్డొనాల్డు

మన పాఠశాలలోని చిన్నవారు గ్రంథాలయమునకు పోయినపుడెల్ల మొదట వెదకునవి అద్భుత కథలే. పెద్దలలో కొందరు వారిని చూచి, అవి కల్లలు గదా, కాలహరణము తప్ప వానివలన ప్రయోజనమేమని యందురు. ఈ శంక క్రొత్తది కాదు. కల్పించిన కథయందు సత్యము నిలువగలదా యను ఈ ప్రశ్నకు తన జీవితమునే ప్రత్యుత్తరముగా నిచ్చిన గ్రంథకర్త యొకడు పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండు దేశమున పుట్టెను. ఆయన జార్జి మాక్డొనాల్డు. ఆయన చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

జార్జి 1824వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన ఆబర్డీను మండలములోని హంట్లీ యను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి వ్యవసాయము చేయుచుండెను. క్షయరోగముచేత ఆయన కాలొకటి తీసివేయవలసి వచ్చినను, ధైర్యమును హాస్యమును విడువని మనుష్యుడు. అదే రోగము 1832లో తల్లిని హరించెను. అప్పటికి జార్జికి ఎనిమిదేండ్లు నిండలేదు. ఆమె తల వెండ్రుకల పాయయు, ఆమె వ్రాసిన యొక లేఖయు ఆయన తన బల్ల రహస్యపు సొరుగులో జీవితాంతము దాచుకొనెను. ఆయన మరణించిన పిదప అవి బయటపడినవి. ఆయన కథలలో తరచుగా కనబడు వృద్ధ మాతల దయార్ద్ర ముఖములకు మూలము ఎచ్చటనున్నదో దీనివలన మనము కొంత గ్రహింపవచ్చును.

1840లో విద్యార్థి వేతనమును సంపాదించి ఆయన ఆబర్డీనులోని కింగ్సు కళాశాలలో చేరెను. రసాయన శాస్త్రమును ప్రకృతి శాస్త్రమును అభ్యసించి 1845లో పట్టము పొందెను. చదువు నడుమ ఒక వేసవియందు, ఉత్తర స్కాట్లండులోని ఒక గొప్ప భవనమున గ్రంథముల పట్టిక వ్రాయు పనికి కుదిరెను. అచ్చట జర్మను కవుల రచనలతో ఆయనకు పరిచయము కలిగెను. వారిలో నోవాలిసు ఆయన హృదయమును మిక్కిలి యాకర్షించెను. పాతగ్రంథములతో నిండిన విశాలమైన భవనము తరువాత ఆయన కథలలో మాటిమాటికి వచ్చుచుండుట ఆ వేసవి ఫలమే.

పిమ్మట ఆయన దైవశాస్త్రము చదివి, 1850లో దక్షిణ ఇంగ్లండులోని అరండెలు పట్టణమున కాంగ్రిగేషనల్ సంఘమునకు కాపరి యయ్యెను. సాలుకు 150 పౌనుల జీతము. 1851లో లూయిసా పవెలును వివాహమాడెను. అంతకు ముందే ఊపిరితిత్తులనుండి నెత్తురు పడుట మొదలయ్యెను. దేవుని ప్రేమకు హద్దు లేదనియు, సువార్త వినని అన్యజనులకును నిరీక్షణ యుండవచ్చుననియు ఆయన బోధించుట సంఘ పెద్దలకు రుచింపలేదు. 1852లో వారు ఆయన జీతమును 115 పౌనులకు తగ్గించిరి. పొమ్మనుటకది సూచన యయ్యును ఆయన కోపింపలేదు. కొలదిగా బ్రదుకుట నేర్చుకొందుమని తలంచి కొంతకాలము సహించెను. కాని భేదము తీరనందున 1853లో ఆ పదవిని విడిచెను. చేతిలో ఉద్యోగము లేదు, దేహమున ఆరోగ్యము లేదు, ఇంట పసిబిడ్డ యున్నది. తాను నమ్మిన దానిని మార్చి చెప్పుటకు మాత్రము ఆయన సమ్మతింపలేదు.

మాంచెస్టరు నగరమున ఉపన్యాసములిచ్చుచు, పిల్లలకు పాఠములు చెప్పుచు కాలము గడిపెను. 1855లో ప్రకటించిన దీర్ఘకావ్యమును చదివి బైరను కవి భార్య సంతోషించి, ఆరోగ్యార్థము ఆయన ఆల్జియర్సునకు పోవుటకు ధనసహాయము చేసెను. తిరిగివచ్చిన పిమ్మట సుమారు రెండు మాసములలో ఆయన ఒక గ్రంథమును వ్రాసెను. అదియే 1858లో వెలువడిన ఫాంటాస్టెసు. దానిని స్త్రీపురుషులకొరకైన అద్భుత ప్రణయకథ యని ఆయనయే పేర్కొనెను. పిల్లలకొరకు కాక పెద్దలకొరకు అద్భుతకథ వ్రాయుట ఆనాడు సాహసమే.

అనోడసు అను యువకుడు తన యిరువదియొకటవ జన్మదినమున గడచిన మరునాటి యుదయము మేల్కాంచును. ముఖము కడుగుకొను పాత్రనుండి నీరు పొరలి సెలయేరై పారును. క్రిందనున్న తివాసి పచ్చిక యగును. గది యంతయు అడవిగా మారును. ఆ యడవిలో ఆయన చలువరాతియందు బంధింపబడిన యొక సుందరిని తన పాటచేత మేల్కొలిపి, ఆమెను ప్రేమించి వెంబడించును. కాని యామె మనస్సు మరియొక వీరునిపై నున్నది. ప్రేమింపబడవలెనని తహతహలాడిన యువకుడు తుదకు ఆ వీరునికే సేవకుడై, పరులకొరకు ప్రాణము నిచ్చును. తన్ను తాను కోరుకొనుట మానినపుడే ప్రేమ పరిపూర్ణమగునని ఈ కథ తాత్పర్యము. అరండెలులో బోధపీఠము కోల్పోయిన బోధకుడు అడవిదారిన మరల బోధించుచున్నట్లు మాకు తోచును.

ఇట్టి కథలను ఆయన ఏ నియమమున అల్లెడివాడు? తన విధానమును 1893లో ఒక వ్యాసమున వివరించెను. గ్రంథకర్త తన యిచ్చవచ్చినట్లు క్రొత్తలోకమును సృజింపవచ్చును, దానికి క్రొత్త ప్రకృతిధర్మములను విధింపవచ్చును. అయితే ఒకసారి విధించిన ధర్మమును తానే మీరరాదు. మీరినచో చదువరి నమ్మకము తెగి, కట్టిన మేడ కూలును. దివ్యాంగనచేత లండను వీధిభాష పలికించినచో కథ యంతయు చెడును గదా! ప్రకృతిధర్మములను మార్చవచ్చును గాని నీతిధర్మమును ఏ లోకమునందును తలక్రిందులు చేయరాదు. ఎంత వింత లోకమైనను అచ్చట క్రూరుని మంచివాడనుట చెల్లదు. మరియు, కథకు ఒకే అర్థము నిర్ణయించి చదువరి చేతికిచ్చుట ఆయన కిష్టము లేదు. సంగీతము వినిన ప్రతివాని మనస్సున వేరు వేరు భావములు మేల్కొనునట్లే, కథయు చదువరిలో నిద్రించునది మేల్కొలుపవలెనని ఆయన యభిప్రాయము.

ఫాంటాస్టెసును విమర్శకులు పెక్కురు ఆదరింపలేదు. ఆరుగురు కుమారులును ఐదుగురు కుమార్తెలును గల కుటుంబమునకు అద్భుతకథలు అన్నము పెట్టజాలవయ్యెను. కావున 1863లో డేవిడ్ ఎల్గిన్‌బ్రాడ్ మొదలుకొని స్కాట్లండు పల్లెజీవితమును చిత్రించు నవలలను వరుసగా వ్రాసెను. అవి పేరును జీవనాధారమును తెచ్చెను. అయినను అద్భుతకథను ఆయన విడువలేదు. ఇంటి బిడ్డలే ఆయన మొదటి శ్రోతలు. మిత్రుడగు లూయీ కారల్ తన ఆలిస్ కథను అచ్చువేయవచ్చునో లేదో యని సందేహించి వ్రాతప్రతిని ఈ యింటికే పంపెను. మాక్డొనాల్డు భార్య దానిని బిడ్డలకు చదివి వినిపింపగా, చిన్నవాడగు గ్రెవిల్ అట్టి పుస్తకములు అరువదివేలు కావలెనని కోరెను. ఆ బిడ్డల యానందము మిత్రునికి ధైర్యము నిచ్చెను. 1865లో ఆలిస్ లోకమున వెలువడెను.

పిదప మాక్డొనాల్డు బాలుర మాసపత్రిక యొకదానికి సంపాదకుడై, తన రచనలను అందు ప్రకటించెను. ఉత్తరపు గాలి వెనుక అను కథ 1871లోను, రాకుమారియు గాబ్లినులును అను కథ 1872లోను పుస్తకములుగా వచ్చెను. రెండవదానిలో ఐరీను అను రాకుమారికి ఆమె ముత్తవ్వ కంటికి కానరాని సన్నని దారము నొసంగును. అది వ్రేలికి తగులును గాని కన్నులకు కనబడదు. ఎచ్చటికి తీసికొనిపోయినను దానిని విడువరాదు. ఆ దారమే ఆమెను గాబ్లినుల చీకటి గుహలలోనికి నడపి, గని కార్మికుని కుమారుడగు కర్డీని విడిపించును. ఐరీను ఆయన కుమార్తెలలో నొకతె పేరే.

దారమును విడువకుండుట వ్రాసినంత సులభము కాదు. 1877లో విక్టోరియా రాణి ప్రభుత్వము సాలుకు 100 పౌనుల పింఛను నిచ్చెను. అదియు చాలనందున ఆయన కుటుంబమంతయు జాన్ బన్యను వ్రాసిన యాత్రికుని కథను నాటకముగా ఊరూర ప్రదర్శించెను. అందు జ్యేష్ఠపుత్రిక లిలియా క్రైస్తవుని భార్యగా నటించుచుండెను. ఆరోగ్యార్థము వారు ఇటలీ తీరమునకు చేరిరి. కాని 1878లో మేరీయు, 1879లో మారిసును, 1884లో కారొలీనును, 1891లో లిలియాయు గతించిరి.

ఈ దుఃఖముల నడుమనే ఆయన 1890లో లిలిత్ అను తన చివరి గొప్ప అద్భుతకథను ప్రారంభించెను. ఫాంటాస్టెసు రెండు మాసములలో ముగియగా, దీనిని ఐదేండ్లపాటు పలుమారులు తిరుగవ్రాసెను. అందలి భయంకర దృశ్యములు భార్య మనస్సును కలవరపెట్టినను, కుమారుడగు గ్రెవిల్ చదివి ప్రోత్సహించెను. 1895లో అది ప్రకటింపబడెను. మరణము అంతము గాక, మేల్కొనుటకు ముందు నిద్ర యని దాని సారము. నలుగురు బిడ్డలను సమాధి చేసిన తండ్రి దానిని తేలికగా వ్రాసియుండడు.

తుది సంవత్సరములను మౌనముగా గడపి, లూయిసా గతించిన మూడేండ్లకు, 1905వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన ఆయన ఇంగ్లండులోని ఆష్టెడ్‌లో కన్నుమూసెను. చితాభస్మమును ఇటలీలోని బోర్డిగెరాయందు భార్య సమాధిలో నుంచిరి.

ఆయన దారము మాత్రము తెగలేదు. 1916లో లెదర్‌హెడ్ రైలు స్టేషనులోని పుస్తకముల బల్లపై ఒక పదునేడేండ్ల బాలుడు ఫాంటాస్టెసు ప్రతిని కొనెను. అప్పటికి ఆ బాలునకు దేవునియందు నమ్మకము లేదు. తన భావనాశక్తి ఆ పుస్తకముచేత బాప్తిస్మము పొందెనని తరువాత ఆయన వ్రాసికొనెను. ఆ బాలుడే నార్నియా కథలను వ్రాసిన సి. యస్. లూయిసు.

బాలబాలికలారా, అద్భుతకథ చేతబట్టినపుడు దానిలో ధర్మము తప్పని లోకమున్నదో లేదో పరికింపుడు. మీరే కథ వ్రాయుదురేని, మీరు విధించిన నియమమును మీరే మొదట గైకొనుడు. తలిదండ్రులారా, బిడ్డ చేతిలోని కథాపుస్తకమును లాగివేయుటకు ముందు ఒక పుట మీరును చదివి చూడుడు. కానరాని దారము ఏ పుటలో ఎవరి వ్రేలికి తగులునో మనమెరుగము.