పిల్లల ప్రశ్నలు: మైకేల్ ఫారడే జీవితము

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. ఎందుకు? ముందు కాలమున పిల్లలు ఆ రాళ్లను చూచి, ఇవేమిటని తండ్రులను అడుగుదురు గనుక. అప్పుడు తండ్రులు వారికి చెప్పవలెను గనుక (యెహోషువ 4వ అధ్యాయము). పిల్లలు అడుగవలెననియే ఆ రాళ్లు అక్కడ నిలిచినవి. అట్లు అడుగుచు పెరిగిన ఒక పేద బాలుని చరిత్ర ఈ నెల చదువుకొందము.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న ఇంగ్లాండులో, లండను దాపున పుట్టెను. తండ్రి జేమ్సు కమ్మరి; తరచు జబ్బుపడువాడు. 1801లో ధాన్యపు ధరలు మిక్కిలి పెరిగినప్పుడు బాలునికి వారమంతటికి ఒక్క రొట్టె ఇచ్చి దానితోనే సరిపెట్టుకొమ్మనిరి. చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు నేర్చుటతో బడి ముగిసెను. 1804లో జార్జి రీబో అను పుస్తకముల వర్తకుని అంగడిలో పనికి కుదిరి, ఇంటింటికి వార్తాపత్రికలు మోసెను. మరుసటి యేట అక్కడనే పుస్తకములు కుట్టి అట్టలు కట్టు పనికి ఏడేండ్ల ఒప్పందమాయెను.

అట్టలు కట్టు కుఱ్ఱవానికి లోపలి సంగతులెందుకని యజమాని కసరియుండవచ్చును. రీబో కసరలేదు. పని తీరిన తరువాత చదువుకొననిచ్చెను. కుట్టుటకు వచ్చిన విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ అను స్త్రీ వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథమును మైకేలు చదివెను. చదివినది నిజమో కాదో తానే చేసి చూడవలెనని అతనికి తోచెను. చేతనున్న కొద్ది కాసులతో సీసాలు, సామానులు కొని చిన్న ప్రయోగములు చేసెను. రీబో అడ్డుపెట్టలేదు. అన్న రాబర్టు తానును కమ్మరి పనివాడే. అయినను తమ్ముడు సాయంకాలపు శాస్త్రోపన్యాసములకు పోవుటకు ఒక్కొక్కదానికి ఒక షిల్లింగు చొప్పున ఇచ్చెను.

మైకేలు విన్నదంతయు వ్రాసి, బొమ్మలు గీసి, పుస్తకములుగా కుట్టుకొనెను. రీబో మురిసిపోయి వాటిని అంగడికి వచ్చినవారికి చూపెను. దాని మూలముగా విలియం డాన్స్ అను పెద్దమనిషికి ఈ కుఱ్ఱవాని సంగతి తెలిసెను. ఆయన 1812లో, హంఫ్రీ డేవీ అను గొప్ప శాస్త్రజ్ఞుడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇచ్చు నాలుగు ఉపన్యాసములకు చీట్లు ఇచ్చెను. మైకేలు వాటిని గూడ వ్రాసి కుట్టి, డేవీకి పంపి, పని అడిగెను. 1813 మార్చిలో అక్కడి ప్రయోగశాలలో సహాయకుడాయెను.

1831లో, తీగచుట్టలో అయస్కాంతము కదలినప్పుడు ఆ తీగలో విద్యుత్తు పుట్టునని ఆయన కనుగొనెను. నేడు శ్రీశైలమందును నాగార్జునసాగరమందును నీటి వేగముతో తిరుగు యంత్రములు ఈ సూత్రము చేతనే విద్యుత్తు పుట్టించుచున్నవి. తన అంగడిలో ఒక కుఱ్ఱవానిని చదువుకొననిచ్చిన దినమున రీబో ఇదేమియు ఎరుగడు.

ఫారడే పొందిన ఆదరణను మరువలేదు. ఆయనకు బిడ్డలు కలుగలేదు; గాని 1827 మొదలు 1860 వరకు 19 మారులు క్రిస్మసు దినములలో పిల్లలకు వరుస ఉపన్యాసములిచ్చెను. వాటిలో మిక్కిలి పేరుపొందినవి ఒక్క కొవ్వొత్తిని గూర్చినవి. కరిగిన మైనము వత్తి వెంట పైకెట్లు ఎక్కును? మంటలో కాలునది మైనమా, దాని ఆవిరియా? మంట మీద చల్లని పాత్ర పట్టినయెడల దాని అడుగున నీటి చెమ్మ ఎక్కడనుండి వచ్చెను? ఒక్కొక్కటి పిల్లల కన్నులయెదుట చేసి చూపెను. 1861లో ఈ ఉపన్యాసములు పుస్తకముగా వెలువడెను.

ఆయన శాండెమనియన్ అను చిన్న క్రైస్తవ సంఘమువాడు; 1840లో ఆ సంఘమునకు పెద్దగా ఏర్పడెను. సృష్టిని పరిశీలించుట భక్తికి విరోధమని ఎన్నడును తలంపలేదు. 1867 ఆగస్టు 25న కన్నుమూసెను.

ప్రియులారా, పొద్దంతయు పొలములో పాటుపడి ఇల్లు చేరిన వేళ బిడ్డ వచ్చి, మబ్బు ఎందుకు ఉరుమును అని అడిగినయెడల విసుగు కలుగుట సహజమే. అయినను నోరు మూసికొమ్మని రెండు మూడు మారులు అన్నయెడల, నాలుగవ మారు ఆ బిడ్డ అడుగదు. ఇంట అడుగుట మానిన బిడ్డ బడిలోను అడుగదు. మనకు జవాబు తెలియనక్కరలేదు. రీబో శాస్త్రజ్ఞుడు కాడు, రాబర్టు కాడు. ఒకడు తీరిక ఇచ్చెను, ఒకడు షిల్లింగు ఇచ్చెను. తెలియనిది తెలియదని చెప్పి, రేపు పంతులుగారిని అడుగుదము రమ్మనుట ఏ తండ్రికైనను, ఏ తల్లికైనను చేతనగును.

ఈ రాత్రియే గాలి తగులని చోట ఒక కొవ్వొత్తి వెలిగించి, కొంతసేపు మండనిచ్చి ఊదుడి. వత్తినుండి లేచు తెల్లని పొగకు వెంటనే అగ్గిపుల్ల మంట చూపుడి. మంట పొగ వెంట దిగి వత్తిని మరల ముట్టించును. అగ్గిపుల్ల పెద్దల చేతనే ఉండవలెను. మాట మాత్రము బిడ్డను ముందు మాటలాడనిండి.

మన ప్రభువు పండ్రెండేండ్ల ప్రాయమున దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి వినుచు, ప్రశ్నలు అడుగుచుండెను (లూకా 2:46). ఆ బోధకులు ఆయనను లేచి పొమ్మనలేదు.