ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్

ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ (1890 డిసెంబరు 18 - 1954 ఫిబ్రవరి 1) అమెరికాకు చెందిన ప్రముఖ ఎలక్ట్రికల్ ఇంజనీరు, ఆవిష్కర్త. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఎఫ్.ఎం. రేడియో విధానాన్ని రూపొందించినది ఈయనే. విద్యార్థులు నడిపే చిన్న రేడియో కేంద్రాలకూ, వాటికి కార్యక్రమాలు అందించే సంస్థలకూ ఎఫ్.ఎం. విధానమే ఆధారమైంది. తన ఆవిష్కరణలపై హక్కుల కొరకు ఈయన జీవితంలో అధికభాగం న్యాయస్థానాలలో పోరాడవలసి వచ్చింది.

బాల్యము, విద్య

ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూయార్క్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అమెరికా శాఖలో ఉద్యోగి. తల్లి ఎమిలీ ఉపాధ్యాయురాలు. బాల్యంలో సోకిన నరాల వ్యాధి వలన కొంతకాలం బడికి దూరమై ఇంటివద్దనే చదువుకున్నాడు. కుటుంబం యోంకర్స్ పట్టణానికి మారిన తరువాత దూరప్రాంతాల సంకేతాలను వినడానికి పెరటిలో ఎత్తైన యాంటెన్నా స్తంభాన్ని స్వయంగా నిలబెట్టాడు. తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, ఆచార్య మైకేల్ ప్యూపిన్ శిష్యుడై, 1913లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా పొందాడు.

తొలి ఆవిష్కరణలు

1912లో, విద్యార్థిగా ఉండగానే, ఆర్మ్‌స్ట్రాంగ్ రీజనరేటివ్ వలయాన్ని కనుగొన్నాడు. వాక్యూం ట్యూబునుండి వెలువడే సంకేతంలో కొంత భాగాన్ని తిరిగి అదే ట్యూబుకు అందించినచో సంకేతబలం అనేక రెట్లు పెరుగుతుంది. దీనికి 1914లో పేటెంటు లభించింది. కాని ఈ సూత్రాన్ని తానే ముందు కనుగొన్నానని లీ డి ఫారెస్ట్ వాదించాడు. చాలా ఏళ్ళు నడిచిన వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు 1934లో డి ఫారెస్ట్ పక్షాన తీర్పు చెప్పింది. ఇంజనీర్లలో చాలామంది దీనితో ఏకీభవించలేదు. 1917లో తనకిచ్చిన గౌరవ పతకాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగి ఇవ్వబోగా, రేడియో ఇంజనీర్ల సంస్థ దానిని తీసుకొనక, ఆ గౌరవాన్ని మరల ధ్రువీకరించింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులో అమెరికా సైన్యపు సిగ్నల్ విభాగంలో పనిచేస్తూ 1918లో సూపర్‌హెటరోడైన్ గ్రాహకాన్ని రూపొందించాడు. వచ్చే సంకేతపు పౌనఃపున్యం ఏదైనప్పటికీ, దానిని ఒక స్థిరమైన మధ్యస్థ పౌనఃపున్యానికి మార్చి, ఆ పిదప బలపరచడం ఇందులోని కీలకం. దరిమిలా రేడియో, టెలివిజన్ గ్రాహకాలకు ఇదే మూలమైంది. పేటెంట్ల విక్రయంతో సంపన్నుడైన ఆర్మ్‌స్ట్రాంగ్ 1923లో మేరియన్ మెకిన్నిస్‌ను వివాహమాడాడు. ఆమె అంతకు ముందు ఆర్.సి.ఏ. సంస్థ అధికారి డేవిడ్ సార్నాఫ్ వద్ద కార్యదర్శిగా పనిచేసింది.

ఎఫ్.ఎం. విధానము

అప్పటి ఏ.ఎం. ప్రసారాలలో ధ్వనికి అనుగుణంగా తరంగపు కంపన పరిమితి మారేది. మెరుపులు, విద్యుత్ యంత్రాలు కలిగించే అలజడి కూడా కంపన పరిమితినే మార్చును కనుక, గరగర శబ్దాన్ని వేరుచేయడం సాధ్యమయ్యేది కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ కంపన పరిమితిని స్థిరంగా ఉంచి పౌనఃపున్యాన్ని మార్చే మార్గాన్ని ఎంచుకున్నాడు. ఇరుకైన బ్యాండుతో ఇది ప్రయోజనకరం కాదన్న నాటి అభిప్రాయాన్ని పక్కనబెట్టి, విశాలమైన బ్యాండును వాడి విజయం సాధించాడు. 1933 డిసెంబరు 26న ఈ విధానపు పేటెంట్లు లభించాయి.

1934-35లలో ఎంపైర్ స్టేట్ భవనంపైనుండి పరీక్షలు జరిగాయి. 1935 నవంబరులో ఇంజనీర్ల సభలో బహిరంగ ప్రదర్శన ఇచ్చాడు. ఆర్.సి.ఏ. మాత్రం టెలివిజన్‌కే ప్రాధాన్యమిచ్చింది. దానితో ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత ధనంతో న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో ప్రసార కేంద్రాన్ని నిర్మించి 1939లో ప్రసారాలు ఆరంభించాడు. ఒక కేంద్రపు కార్యక్రమాన్ని మరొక కేంద్రం గాలిలోనే అందుకొని పునఃప్రసారం చేయవచ్చునని, టెలిఫోను తీగలను అద్దెకు తీసుకొనవలసిన పనిలేదని కూడా ఎఫ్.ఎం. నిరూపించింది.

విద్యార్థి రేడియోకు ఆధారము

అమెరికా విద్యార్థుల తొలి కేంద్రాలు విశ్వవిద్యాలయ ఆవరణలకే పరిమితం. 1936లో బ్రౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు వసతిగృహాల మధ్య తీగల ద్వారా ప్రసారాలు మొదలుపెట్టారు. ఇటువంటి కేంద్రాలు 1940లో ఇంటర్‌కాలేజియేట్ బ్రాడ్‌కాస్టింగ్ సిస్టం అనే సంఘంగా ఏర్పడ్డాయి. అదే సంవత్సరం ప్రభుత్వ కమిషన్ ఎఫ్.ఎం.కు 40 ఛానళ్ళు కేటాయించి, వాటిలో 5 విద్యాసంబంధమైన కేంద్రాలకు ప్రత్యేకించింది. 1945లో 88 నుండి 92 మెగాహెర్ట్జ్ వరకు వాటికి కేటాయించారు. 1948లో కేవలం 10 వాట్ల శక్తితో విద్యాకేంద్రాలు నడపడానికి అనుమతి రావడంతో అనేక కళాశాలలు ప్రసార రంగంలోకి వచ్చాయి.

రోజంతా సొంత కార్యక్రమాలు తయారుచేయడం ఇటువంటి కేంద్రాలకు కష్టం. అందువలన విద్యాప్రసార సంస్థల జాతీయ సంఘం 1951లో ఇల్లినాయి రాష్ట్రంలోని అర్బానా నుండి టేపులపై ముద్రించిన కార్యక్రమాలను సభ్య కేంద్రాలకు టపాలో పంపే ఏర్పాటు చేసింది. 1971లో ప్రసారాలు ఆరంభించిన నేషనల్ పబ్లిక్ రేడియో ఈ కోవలోనిదే.

చివరి సంవత్సరాలు

1945 నాటి మార్పు ఆర్మ్‌స్ట్రాంగ్‌కు మాత్రం పెద్ద దెబ్బ. ఎఫ్.ఎం.ను 42-50 మెగాహెర్ట్జ్ నుండి పై బ్యాండుకు తరలించినందువలన అప్పటికే లక్షల సంఖ్యలో అమ్ముడైన సెట్లు నిరుపయోగమయ్యాయి. యుద్ధకాలంలో తన ఎఫ్.ఎం. పేటెంట్లను సైన్యానికి రాయల్టీ లేకుండా ఇచ్చిన ఈయన, యుద్ధానంతరం ఆదాయం కొరకు పోరాడవలసి వచ్చింది. 1940లో ఆర్.సి.ఏ. ఇవ్వజూపిన 10 లక్షల డాలర్లను, ఇతర సంస్థలవలె రాయల్టీ చెల్లించాలని కోరుతూ నిరాకరించాడు. 1948లో ఆ సంస్థపై దావా వేశాడు. విచారణ సాగుతుండగానే పేటెంట్ల గడువు ముగిసింది, ధనం హరించుకుపోయింది. 1953 చివరలో భార్య కూడా దూరమైంది. 1954లో న్యూయార్క్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు.

భార్య మేరియన్ ఆ వ్యాజ్యాలను కొనసాగించింది. 1954 చివరలో ఆర్.సి.ఏ. 10 లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడింది. మోటరోలాపై వ్యాజ్యం 1967లో ఆమెకు అనుకూలంగా ముగిసింది.

గుర్తింపు, భారతదేశంలో ఎఫ్.ఎం.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1942లో ఎడిసన్ పతకం పొందాడు. 1983లో అమెరికా తపాలాశాఖ ఈయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. భారతదేశంలో ఆకాశవాణి తొలి ఎఫ్.ఎం. ప్రసారం 1977లో మద్రాసులో మొదలైంది. 2004లో అన్నా విశ్వవిద్యాలయం విద్యాప్రాంగణ రేడియోను ప్రారంభించింది. తెలుగునాట 2008 అక్టోబరు 15న నాటి మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో మొదలైంది. తక్కువ శక్తితో, తక్కువ ఖర్చుతో స్పష్టమైన ప్రసారం చేయగల ఎఫ్.ఎం. విధానమే ఇటువంటి కేంద్రాలను సాధ్యం చేసింది.