వేలిముద్ర వేయకముందే గిరి గారి గురించి తెలిసుంటే...

మా పెద్దమ్మ కుడిచేతికి మూడు వేళ్లే. వరంగల్ పత్తికి పెట్టింది పేరు కదా, ఊరి చుట్టూ జిన్నింగ్ మిల్లులుండేవి. అలాంటి ఒక మిల్లులో 1986లో యంత్రంలో చెయ్యి పడి రెండు వేళ్లు పోయాయి. కట్టు కట్టించి, చేతిలో అయిదొందలు పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు మేస్త్రీ. అంతటితో అయిపోయిందనుకున్నాం అందరం. ఆమె అయితే వాళ్లు మంచోళ్లు కాబట్టే డబ్బులిచ్చారని దణ్ణం కూడా పెట్టుకుంది!

నాకు వి.వి. గిరి గారు పరిచయమైంది ఆ తర్వాత మూడేళ్లకు, హనుమకొండలో లైబ్రరీలో. పోటీ పరీక్ష కోసం రాష్ట్రపతుల పేర్లు బట్టీ పడుతూ, మన తెలుగాయనే కదా అని ఆయన జీవితచరిత్ర తీశాను. మూసేసరికి నా ధ్యాసంతా పెద్దమ్మ చేతి మీదే ఉంది.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. తల్లి సుభద్రమ్మ గారి గురించి మన ఆడవాళ్లకి తప్పకుండా చెప్పాలి. మద్యనిషేధం కోసం వీధిలోకొచ్చి, ఉద్యమం నడిపి, అరెస్టయిన మనిషి ఆవిడ. కొడుకుని 1913లో లా చదవమని ఐర్లండుకి పంపారు. అక్కడ చదువుతోబాటు ఐరిష్ వాళ్ల స్వాతంత్ర్య పోరాటం కూడా వంటబట్టింది. 1916లో డబ్లిన్ తిరుగుబాటు జరిగాక, ఈ కుర్రాణ్ణి దేశం విడిచి పొమ్మన్నారు తెల్లవాళ్లు.

ఇంటికొచ్చి ప్రాక్టీసు పెట్టారు. గాంధీగారి పిలుపుతో దాన్నీ వదిలేశారు. కల్లు, సారా దుకాణాలకు వ్యతిరేకంగా ప్రచారం చేసి 1922లో జైలుకెళ్లారు. ఆ తర్వాత ఆయన మనసు పడింది రైల్వే కార్మికుల మీద. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనివాళ్లని కూడగట్టారు. ఉద్యోగాలు ఊడిన వాళ్ల కోసం 1928లో శాంతియుతంగా సమ్మె నడిపి కంపెనీని దారికి తెచ్చారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ పుట్టుకలో ఆయన చెయ్యి ఉంది. ఏఐటీయూసీకి రెండుసార్లు అధ్యక్షుడయ్యారు.

నన్ను కట్టిపడేసింది 1927 నాటి సంగతి. జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు గిరి. ఆ ఏడాది సభలో జబ్బుపడ్డ పనివాళ్లకు బీమా ఉండాలన్న ఒప్పందాలు ఆమోదం పొందాయి. మనకి ఈఎస్ఐ చట్టం వచ్చింది 1948లో. ఎన్నేళ్లు పట్టిందో చూడండి! అయితే పనిలో దెబ్బ తగిలిన వాళ్లకు పరిహారమివ్వాలన్న చట్టం 1923లోనే ఉంది, 1924 జూలై నుంచి అమలయింది. అది గిరి గారు తెచ్చింది కాదు, ఆ గొప్ప ఆయనకి అంటగట్టక్కర్లేదు. పైగా బ్రిటిష్ ఇండియాకి చేసిన చట్టం అది, మన వరంగల్ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. ఆయన పుస్తకం చదివాకే ఆ చట్టాన్ని వెతికాను, అదీ నాకు ఆయన చేసిన మేలు.

వెతికితే ఏం తెలిసిందంటారా? దెబ్బ తగిలిన వెంటనే యజమానికి రాతమూలకంగా తెలియజేయాలి. పరిహారం ఇవ్వకపోతే రెండేళ్లలోగా లేబర్ ఆఫీసులో, పరిహార కమిషనర్ హోదా ఉన్న అధికారి దగ్గర దరఖాస్తు పెట్టాలి. డాక్టరు సర్టిఫికెట్, వయసు, జీతం రుజువులు కావాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్లు మాత్రం ఈఎస్ఐ దగ్గరే అడగాలి. ఏ వేలు పోతే ఎంత శాతం నష్టమో పట్టికే ఉంది. రెండు వేళ్లకు 20 శాతం, బొటనవేలికి 30, నాలుగు వేళ్లకు 50. హక్కు వదులుకుంటున్నానని కాగితం రాసిచ్చినా చెల్లదు! ఇంకో మాట, ఆడవాళ్లకు ఏకమొత్తంగా ఇచ్చే పరిహారం నేరుగా చేతికివ్వకూడదు, కమిషనర్ దగ్గరే జమచేయాలి. అంటే మేస్త్రీ ఇచ్చిన ఆ అయిదొందలు పరిహారం కిందికే రావు.

పెద్దమ్మకి రెండేళ్లు దాటిపోయాయి. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కి ఉందన్నది నాకు ఇంకా ఆలస్యంగా తెలిసింది. ఆ తప్పు నాదే. చట్టాన్ని సగం చదివి మూసేశాను.

గిరి గారి మిగతా కథ మీకు తెలిసిందే. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజావారినే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో కేంద్రంలో అదే శాఖ చేపట్టారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చిందని 1954లో పదవే వదిలేసుకున్నారు. యజమాని, కార్మికుడు ఎదురుబొదురు కూర్చుని తేల్చుకోవాలి, ప్రతిదానికీ ప్రభుత్వం తీర్పు చెప్పకూడదు అన్నది ఆయన సిద్ధాంతం. నాకిక్కడ ఆయనతో పేచీ ఉంది. సంఘం ఉన్న రైల్వేలో ఇది బాగానే ఉంటుంది. హాజరు పుస్తకంలో పేరే లేని మా పెద్దమ్మ ఎవరి ఎదురుగా కూర్చోవాలి?

గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా చేశారు. 1969లో స్వతంత్రుడిగా నిలబడి నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిచి రాష్ట్రపతి అయ్యారు. 1975లో భారతరత్న అందుకుని, 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. పద్నాలుగు మంది పిల్లల సంసారాన్ని సరస్వతీబాయి గారు ఎలా ఈదుకొచ్చారో ఎవరైనా రాస్తే బాగుండు!

ఆ 1923 చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. అంతకుముందు దాకా ఉన్న లెక్క ప్రకారం, నెలకు పదివేలు జీతం, నలభయ్యేళ్ల వయసున్న మనిషికి రెండు వేళ్లు పోతే సుమారు 2 లక్షల 21 వేలు రావాలి. నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ కూడా. కానీ పుస్తకంలో జీతం తక్కువ రాస్తే పరిహారమూ తగ్గిపోతుంది. అందుకే జీతం చీటీ పారేయకండి.

పెద్దమ్మ సంగతి జరిగిన ఆరేడేళ్లకి మా వాడలో ఇంకో అమ్మాయికి బొటనవేలు పోయింది. చూడ్డానికి వెళ్లినప్పుడు పెద్దమ్మ ముందు అడిగింది నొప్పి గురించి కాదు. ఏ కాగితం మీదన్నా వేలిముద్ర వేశావా అని అడిగింది. లేదనగానే నా వైపు చూసింది. మర్నాడే రిజిస్టర్డ్ పోస్టులో మిల్లుకి ఉత్తరం పంపాం. లేబర్ ఆఫీసుకి ముగ్గురం నాలుగుసార్లు తిరిగాం. డబ్బు కమిషనర్ దగ్గర జమయి, అక్కణ్ణుంచి ఆ అమ్మాయికి అందింది. సంతకం పెట్టడం అప్పటికే నేర్పించాను.