ఆరవ నిజాము - వేట సివంగి

హైదరాబాదు పాతనగరమున, చాంద్రాయణగుట్టకు చేరువలో, ఫలక్‌నుమా సౌధము కలదు. 1911 ఆగస్టు 29న ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ అచటనే కన్నుమూసెను.

1866లో జన్మించిన ఆయనకు రెండున్నర యేండ్ల ప్రాయముననే, 1869లో, రాజ్యము సంక్రమించెను. మొదటి సాలార్‌జంగు సంరక్షణలో పెరిగి, 1884లో రిప్పన్ ప్రభువు సమక్షమున పూర్ణాధికారము వహించెను. 1908లో మూసీ వరద నగరమును ముంచినపుడు నిరాశ్రయులకు రాజభవనముల ద్వారములు తెఱపించిన దయాళువుగా ప్రజలు ఆయనను తలతురు. పులులవేటలోను ఆయన మిక్కిలి ప్రసిద్ధుడు.

ఆ కాలపు రాజులకు మరియొక వినోదము సివంగి వేట. 1893లో ఆస్ట్రియా రాజకుమారుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదునకు అతిథిగా వచ్చినపుడు సివంగులచే కృష్ణజింకలను వేటాడించిరి. సివంగి వేఱు, చిరుతపులి వేఱు. సివంగి నడుము సన్నము, కాళ్లు పొడవు. కంటి నుండి నోటివరకు నల్లని చార యుండును. కండ్లకు గంతలు కట్టి, ఎడ్లబండిపై జింకల మందకు చేరువగా గొనిపోయి, గంతలు విప్పెడివారు. వంగి సాగెడి వెన్నెముక, నేలను పట్టెడి గోళ్లు, మలుపులలో తూకము నిలిపెడి తోక దాని వేగమునకు మూలములు. గంటకు నూరు కిలోమీటర్ల వేగము నందుకొనగలిగినను ఆ పరుగు కొన్ని వందల మీటర్లే. అంతలో జింక చిక్కనిచో అది అలసి నిలిచిపోవును.

ఈ వేగమే దానికి చేటు తెచ్చెను. సివంగి బంధనములో పిల్లలను పెట్టుట బహు అరుదు. జహంగీరు చక్రవర్తి అట్టి జననమును వింతగా వ్రాయించెను. కావున ప్రతి దర్బారును అడవి నుండియే సివంగులను పట్టి తెప్పింపవలసి వచ్చెడిది. తల్లివద్ద వేట నేర్చిన పెద్ద సివంగులనే కోరుటచే, అడవిలో సంతానమును పెంచవలసినవే తఱిగిపోయెను. పచ్చికబయళ్లు పొలములగుటయు, తుపాకి వేటయు మిగిలిన వానిని హరించెను. ఈ దోషము ఒక్క నిజాముది కాదు. శతాబ్దముల రాజవైభవమున కెల్ల అందు పాలు కలదు.

ఆయన మరణించిన ముప్పదియాఱేండ్లకు, 1947లో, కొరియా సంస్థానమున మూడు సివంగులు తుపాకికి బలియయ్యెను. చిత్తూరు జిల్లాలో సివంగి కనబడెనని 1952లో ఒక నివేదిక వెలువడెను. ఆ యేడే ఆ జాతి భారతదేశమున అంతరించినట్లు ప్రకటింపబడెను. 2022లో నమీబియా నుండి ఎనిమిదింటిని, మఱుసటి యేడు దక్షిణాఫ్రికా నుండి పండ్రెండింటిని మధ్యప్రదేశ్‌లోని కూనో వనమునకు తెచ్చిరి.

ఒకప్పుడు నిజాముల వేటభూమియైన వనస్థలిపురపు హరిణవనమున కృష్ణజింకలు నేటికిని గంతులు వేయుచున్నవి. వానిని తఱిమిన సివంగి మాత్రము అచట లేదు. వరదనాడు ప్రజలపై ప్రసరించిన ఆ దయ వేటనాడు అడవిపైనను ప్రసరించి యుండినచో మేలయ్యెడిది.